కరవది వేళ్ళు

ఒంగోలులో విజయవాడ వైపు వెళ్ళే రైలెక్కితే కాసేపటికే కరవది స్టేషను వస్తుంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చిన్న మౌలానా సాహెబ్ 1924 మే 12న పుట్టింది ఆ ఊళ్ళోనే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడింది, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు.

పత్తి, మిరప పండే ఈ నేలలో సన్నాయి పట్టిన కుటుంబాలు చాలావరకు దూదేకుల వాళ్ళవి. వింటికి బిగించిన నరాన్ని కొయ్యతో కొట్టి దూది ఏకడం వాళ్ళ కులవృత్తి. మిల్లులొచ్చాక ఏకుడు పని సన్నగిల్లింది, సన్నాయి మాత్రం నిలిచింది. ఇంట్లో నమాజు, రాములవారి గుడి ముందు త్యాగరాజ కీర్తన, ఊళ్ళో పెళ్ళి జరిగితే మంగళవాద్యం. తరతరాలుగా ఈ మూడూ ఒకే గడపలో సాగాయి. కరవది మౌలానా ఇంట్లో నాదస్వరం పరంపర మూడు వందల ఏళ్ళదని చెబుతారు. తొలి గురువు తండ్రి కాసిం సాహెబే.

ఆ ఇళ్ళలో పిల్లవాడికి వాద్యం ఇచ్చే ముందు స్వరాలు నోటితో పాడిస్తారు. తర్వాత ఊపిరి వంతు. నాదస్వరం కొనలో అమర్చే చిన్న పీకెను పెదవుల మధ్య పట్టి, తొణక్కుండా ఒకే స్వరాన్ని నిలబెట్టడం రావాలి. ఆ తర్వాతే వేళ్ళు. కొయ్య మీద వేళ్ళు వేసే రంధ్రాలు ఏడు. అడుగున ఇంకొన్ని ఉంటాయి గానీ అవి వేళ్ళకు కాదు, మైనం పెట్టి శ్రుతి సరిచేసుకోవడానికి. అప్పుడు మొదలవుతాయి సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు. ఒక్కొక్క వరసనూ మూడు కాలాల్లో వాయించాలి. మొదటి కాలంలో తప్పు పోతే గానీ రెండో కాలానికి వెళ్ళనివ్వరు.

ఇవాళ గుంటూరు బ్రాడీపేటలో గిటారు నేర్చుకునే పిల్ల కూడా ఇదే పని చేస్తోంది. ఆమె తొలి పాఠం మేజర్ స్కేలు. ఆరో తీగ మూడో మెట్టు మీద మధ్యవేలితో షడ్జమం, అయిదో మెట్టు మీద చిటికెన వేలితో రిషభం. అయిదో తీగకు మారి రెండు, మూడు, అయిదు మెట్ల మీద చూపుడు, మధ్య, చిటికెన వేళ్ళతో గ, మ, ప. నాలుగో తీగ మీద రెండు, నాలుగు, అయిదు మెట్లలో చూపుడు, ఉంగరం, చిటికెన వేళ్ళతో ద, ని, పై షడ్జమం. మన లెక్కలో ఇది 29వ మేళం, ధీరశంకరాభరణం. రేపల్లె తాలూకా పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్ 1980లో ‘శంకరాభరణం’ సినిమా తీశాక ఆ రాగం పేరు తెలియని తెలుగిల్లు లేదు.

కర్ణాటక సంగీతంలో తొలి పాఠం మాత్రం శంకరాభరణం కాదు, 15వ మేళం మాయామాళవగౌళ. ఆ ఆనవాయితీ పురందరదాసు పెట్టిందంటారు. రెండు రాగాలకూ తేడా రెండు స్వరాల్లోనే: రిషభం, ధైవతం ఒక్కొక్క మెట్టు కిందికి దిగుతాయి. గిటారు పిల్ల ఆరో తీగ మీద అయిదో మెట్టు వదిలి నాలుగో మెట్టును ఉంగరపు వేలితో నొక్కితే, నాలుగో తీగ మీద చూపుడు వేలిని ఒక మెట్టు వెనక్కి జరిపితే చాలు, మాయామాళవగౌళ పలుకుతుంది.

సన్నాయి మీద ఆ సులువు లేదు. నొక్కితే ఖాయంగా పలికే మెట్టంటూ అక్కడ ఉండదు. శుద్ధ రిషభం రావాలంటే రంధ్రాన్ని వేలితో సగం కప్పాలి, దానికి తగ్గట్టు ఊపిరి బిగువు మార్చాలి. ఆ సగం ఎంతో వేలికీ చెవికీ కలిసి తెలియాలి, పుస్తకంలో రాసి చూపించే కొలత కాదది. వేలు కాస్త ఎక్కువ లేచినా స్వరం జారిపోతుంది. అందుకే తొలి పాఠంగా మాయామాళవగౌళనే పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. మొదటి రోజుల్లోనే వేలికి కష్టమైన చోటు పరిచయమవుతుంది, చెవి మోసపోకుండా ఉంటుంది. ఇక మెట్లున్న వాద్యంలో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఎలా అని అడిగేవాళ్ళకు పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్ జవాబిచ్చాడు. ఎనిమిది తీగల మాండొలిన్‌ను అయిదు తీగలకు కుదించి, విద్యుత్ మాండొలిన్ మీద తీగను జార్చి రాగం పలికించాడు.

చిన్న మౌలానా తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర కొనసాగించాడు. ఆ చదువుతోనే ఈ ప్రాంతంలో మేళాలకు, ఉత్సవాలకు వాయిస్తూ బతికేయవచ్చు. అక్కడ ఆగలేదాయన. నాదస్వర విద్వాంసుడు టి. ఎన్. రాజరత్నం పిళ్ళై వాదనం ఆయన్ని తంజావూరు బాణీ వైపు లాగింది. కుంభకోణం పక్కనున్న నాచ్చియార్‌కోయిల్‌కు వెళ్ళి రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర శిష్యరికం చేశాడు. వచ్చిన విద్యను పక్కన పెట్టి మరో బాణీకి వేళ్ళు, ఊపిరి మళ్ళీ దిద్దుకోవడం చిన్న సంగతి కాదు. కొత్తగా నేర్చుకోవడం కన్నా పాత అలవాటు మాన్పించడమే కష్టమని వాద్యం పట్టిన ఎవరిని అడిగినా చెబుతారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే ఘట్టం ఇదే, తర్వాత వచ్చిన బిరుదులు కావు.

తర్వాత రంగనాథుడి మీది భక్తితో శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకుని, 1999 ఏప్రిల్ 13న కన్నుమూశాడు. శ్రీరంగంలో ఆయన నెలకొల్పిన శారదా నాదస్వర సంగీత ఆశ్రమంలో ఎందరో చదువుకున్నారు. మనవళ్ళు కాసిం, బాబు ఆ బాణీలోనే వాయిస్తున్నారు.

ప్రకాశం జిల్లా నుంచి వెళ్ళి ఆయన దగ్గర నేర్చుకున్న దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ. 2020లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. నాదస్వరం పట్టిన ఆడవాళ్ళు అరుదైన రోజుల్లో కాలీషాబీ భర్తతో సమానంగా కచేరీ చేసింది. రెండు నాదస్వరాలు ఒకే కీర్తన వాయిస్తున్నప్పుడు ఇద్దరి వేళ్ళూ రంధ్రాన్ని ఒకే మేరకు కప్పాలి, ఇద్దరి ఊపిరీ ఒకే బిగువులో ఉండాలి. రిషభంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మండపం చివర కూర్చున్న వాడికి కూడా తెలిసిపోతుంది. వాళ్ళ వాదనంలో ఆ రెండు రిషభాలు ఒకటిగా వినిపిస్తాయి.