కార్యాలయ వైఫై భద్రత

ఆఫీసులో వైర్‌లెస్ నెట్‌వర్క్‌లోకి వచ్చేదెవరో తేల్చుకుని, గాలిలో సాగే డేటాను ఎన్‌క్రిప్షన్‌తో కాపాడే పద్ధతులను కలిపి కార్యాలయ వైఫై భద్రత అంటారు. కేబుల్ నెట్‌వర్క్‌లో చొరబడాలంటే సాధారణంగా భవనంలోకి రావాలి. వైఫై సిగ్నల్ మాత్రం గోడ దాటి వీధిలోకి, పార్కింగ్‌లోకి వెళ్తుంది.

1997లో ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ వెలువరించిన 802.11 ప్రమాణంలోనే వెప్ అనే రక్షణ ఉంది. అప్పటి అమెరికా ఎగుమతి ఆంక్షల వల్ల దాని కీ 40 బిట్లకే పరిమితమైంది. తర్వాత 104 బిట్లకు పెంచినా లాభం లేకపోయింది, ఎందుకంటే అసలు లోపం వేరే చోట ఉంది. వెప్ వాడే ఆర్‌సీ4 సైఫర్‌కు ఇచ్చే కీ ప్యాకెట్ ప్యాకెట్‌కూ మారాలని దాని ముందు 24 బిట్ల సంఖ్య ఒకటి చేర్చేవారు. అలాంటివి సుమారు 1.68 కోట్లే ఉంటాయి. రద్దీగా ఉన్న యాక్సెస్ పాయింట్ కొన్ని గంటల్లో అవన్నీ వాడేస్తుంది, ఆపై పాతవే తిరిగొస్తాయి. ఒకే సంఖ్యతో వెళ్లిన రెండు ప్యాకెట్లు చేతికి చిక్కితే వాటిలోని సమాచారం బయటపడుతుంది. తగినన్ని ప్యాకెట్లు పోగేస్తే ఏకంగా కీనే రాబట్టవచ్చని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ చూపారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు 104 బిట్ల కీని నిమిషంలోపే ఛేదించారు.

ఈ బలహీనతకు మూల్యం చెల్లించిన సంస్థల్లో అమెరికా రిటైల్ కంపెనీ టీజేఎక్స్ ఒకటి. 2005లో మయామీలోని దాని మార్షల్స్ దుకాణం వైఫై గుండా దొంగలు లోపలికి వెళ్లారు. కనీసం 4.57 కోట్ల కార్డుల వివరాలు పోయాయని 2007లో తెలిసింది. వెప్ స్థానంలో డబ్ల్యూపీఏ 2003లోనే వచ్చింది. 2004లో 802.11ఐ ప్రమాణం ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌ను తెచ్చింది, డబ్ల్యూపీఏ2 దాని మీదే నిలిచింది. మందు సిద్ధమయ్యాక కూడా ఆలస్యం చేయడమే ఇక్కడ నేరస్థులకు దారి ఇచ్చింది.

ఎన్‌క్రిప్షన్ కన్నా పెద్ద మలుపు 2001 నాటి 802.1ఎక్స్ ప్రమాణం. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న ఆఫీసులో ఒకరు ఉద్యోగం మానేస్తే, అది మార్చేదాకా వాళ్ల ఫోన్ కనెక్ట్ అవుతూనే ఉంటుంది. 802.1ఎక్స్‌లో ఉద్యోగి లాప్‌టాప్ కనెక్ట్ కాగానే యాక్సెస్ పాయింట్ లాగిన్ సందేశాలను మాత్రమే లోపలికి పంపి, మిగతావన్నీ ఆపుతుంది. డయలప్ రోజుల నుంచి ఉన్న రేడియస్ సర్వర్ ఆ మనిషిని గుర్తించి సరేనన్నాకే దారి తెరుస్తుంది. ఎవరి కీ వారిదే, ఒకరి ఖాతా ఆపితే మిగతావారికి ఇబ్బంది ఉండదు.

భారతదేశంలో వైఫై భద్రత విషయం 2008లో అందరి నోటా పడింది. అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలోని ఒక ఇంటి వైఫై నుంచి వెళ్లిందని పోలీసులు గుర్తించారు. 2009 ఫిబ్రవరిలో టెలికం శాఖ వైఫై సురక్షిత వినియోగంపై ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

2017లో బెల్జియం పరిశోధకులు మాథీ వాన్‌హోఫ్, ఫ్రాంక్ పీసెన్స్ 'క్రాక్' దాడితో డబ్ల్యూపీఏ2 కీ మార్పిడిలో లోపం బయటపెట్టారు. ఆ లోపాన్ని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిదిద్దారు. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది.

నేటికీ కార్యాలయాల్లో అసలు చిల్లు, లాగిన్ సర్వర్ అసలుదేనని నిరూపించే డిజిటల్ సర్టిఫికెట్ దగ్గరే ఉంది. చాలాచోట్ల వాడే పీఈఏపీ లాగిన్ పద్ధతిలో పాస్‌వర్డ్‌ను సరిచూసేది ఎంఎస్-చాప్ వీ2. దాన్ని ఒక రోజులో ఛేదించవచ్చని 2012లోనే రుజువైంది. అయినా బయట టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ కవచం ఉన్నంతవరకు ప్రమాదం లేదు. ఫోన్ ఆ సర్వర్ సర్టిఫికెట్‌ను సరిచూడకపోతే మాత్రం ఆఫీసు వైఫై పేరుతోనే పెట్టిన నకిలీ యాక్సెస్ పాయింట్‌కు ఛేదించగల లాగిన్ వివరాలు ఇచ్చేస్తుంది. పరికరంలోనే సర్టిఫికెట్ ఉంచి, పాస్‌వర్డ్ అవసరమే లేకుండా చేసే ఈఏపీ-టీఎల్ఎస్ 1999 నుంచీ ఉంది. నిర్వహణ శ్రమకు వెనకాడి చాలా సంస్థలు దాని జోలికి పోవు. సర్టిఫికెట్‌ను పరిశీలించవద్దనే ఎంపికను గూగుల్ 2020 డిసెంబరులో పిక్సెల్ ఫోన్ల నుంచి తీసేసింది.