చిలికా నీళ్ళు - మంగళజోడి పక్షులు

ఖుర్దా రోడ్డు నుండి బరంపురం వైపు రైలులో పోయే మన తెలుగువారిలో చిలికాను చూడనివారు ఉండరు. బాలుగాం దగ్గర పడేసరికి పిల్లలందరూ ఎడమవైపు కిటికీల దగ్గర మూగుతారు. రంభ దాటగానే మళ్ళీ ఎవరి చోటికి వారు చేరుకుంటారు. పెళ్ళిళ్ళకు పోయినా, పుష్కరాలకు పోయినా చిలికాతో మన పరిచయం అంతవరకే. రైల్వేలో గుమాస్తాగా ఉండి ఈ దారిని లెక్కలేనన్నిసార్లు తిరిగిన నా సంగతీ మొన్నమొన్నటి వరకు ఇంతే. క్రిందటి జనవరిలో మా నాన్నగారిని, పిల్లలను వెంటబెట్టుకొని, సరస్సు ఉత్తరపు ఒడ్డున టాంగీ దగ్గర ఉన్న మంగళజోడి గ్రామానికి పక్షులను చూడబోయినాను. అక్కడ విన్నదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి ఈ ఉగాది సంచికకు వ్రాస్తున్నాను.

ముందుగా సరస్సు సంగతి. వానాకాలంలో సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు పరచుకొని, వేసవికి 906 వరకు కుంచించుకుపోయే ఈ నీరు పూర్తిగా ఉప్పునీరూ కాదు, మంచినీరూ కాదు. ఉత్తరాన మహానది పాయలు మంచినీరు తెచ్చి పోస్తవి. తూర్పున ఇసుకమేట అవతల బంగాళాఖాతం ఉన్నది. ఈ రెండు నీళ్ళు ఏ పాళ్ళలో కలుస్తవో దానిమీదనే ఇక్కడి చేప, రొయ్య, పీత, వాటిని తినవచ్చే పక్షి అన్నీ ఆధారపడి ఉన్నవి.

ఇంగ్లీషువారి కాలంలో ఈ ఒక్క సరస్సుకు రెండు సర్కారులు. దక్షిణపు కొస గంజాం జిల్లాలో చేరి మద్రాసు రాజధాని క్రింద ఉండేది. ఉత్తర భాగం 1803 తరువాత బెంగాలు వారి ఏలుబడిలోకి పోయినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాంలో చాలా భాగం అందులో కలిసినది. మనలను వలస వచ్చినవారు అంటారు గాని, బరంపురం ప్రాంతపు మన పెద్దలలో అనేకులు ఉన్నచోటు కదలకుండానే రాష్ట్రం మారినవారు! రంభలో నీటి ఒడ్డున కనిపించే పాత భవనం కంపెనీ కాలంలో గంజాంలో అధికారిగా ఉన్న స్నాడ్‌గ్రాస్ దొర కట్టించినది. ఆ దొరగారి కథలకు ఇక్కడ చోటు చాలదు.

చిలికాకు ప్రాణం సముద్రంతో కలిసే మొగలో ఉన్నది. నదులు తెచ్చిన ఒండ్రు అడుగున పేరుకొన్నది. అలలు తోసిన ఇసుకతో మొగ ఏటేటా జరిగి జరిగి దూరమైపోయినది. ఉప్పు తగ్గి, నీటిలో కలుపు పెరిగి, చేపలు పడిపోయినవి. 1981లో రామ్‌సార్ ఒప్పందం క్రింద భరత్‌పూర్‌తో పాటు మన దేశం నుండి మొట్టమొదట గుర్తింపు పొందిన ఈ సరస్సే 1993లో చెడిపోతున్న వాటి పట్టికలోకి ఎక్కినది. 1991లో ఏర్పడిన చిలికా అభివృద్ధి సంస్థవారు 2000 సెప్టెంబరులో ఇసుకమేటను త్రవ్వి క్రొత్త మొగ తెరిచినారు. సముద్రానికి పోయే దారి 18 కిలోమీటర్లు తగ్గినది. నీటిలో ఉప్పు తిరిగి వచ్చినది, చేపలూ వచ్చినవి. 2002లో ఆ పట్టిక నుండి చిలికా పేరు తీసివేసినారు.

ఇది నీళ్ళు బాగుపడిన కథ. నీళ్ళు ఎవరివి అనే కథ ఇంత సుఖంగా లేదు. రొయ్యల ధర పెరిగిన తరువాత పెద్ద కంపెనీలు, డబ్బుగలవారు చిలికాకు వచ్చినారు. తరతరాలుగా వల వేసుకొని బ్రతికే కులాలవారు ఎదురు తిరిగినారు. వారిలో నోళియాలనే మన తెలుగు జాలరులు కూడా ఉన్నారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టువారు చిలికాకు, మన పులికాటుకు 1,000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పు చెప్పినారు. తీర్పు వచ్చినా కట్టలు తొలగలేదు. 1999 మే నెలలో సోరానాలో జరిగిన పోలీసు కాల్పులలో నలుగురు చనిపోయినారు. కిటికీ నుండి చూస్తే ఇవేవీ కనిపించవు.

ఇక మంగళజోడి. చలికాలంలో హిమాలయాల అవతల నుండి వచ్చే బాతులు, ఉల్లంకులు ఈ ఊరి తుంగలోనే ఎక్కువగా దిగుతవి. 1972 చట్టం వేటను నిషేధించినా, సరస్సు మధ్యన ఉన్న నలబణ దీవిని 1987లో అభయారణ్యంగా ప్రకటించినా, ఊరిలో వేట మానలేదు. తుపాకులతో కొట్టేవారు, మందు పెట్టి చంపేవారు, బజారుకు పంపేవారు. 2000 నాటికి పక్షులు కొన్ని వేలకు దిగిపోయినవట. అప్పుడు వైల్డ్ ఒరిస్సా అనే సంస్థవారు పదేపదే వచ్చి కూర్చొని మాట్లాడగా, ఆ వేటగాళ్ళే మహావీర్ పక్షి సురక్షా సమితి అని పెట్టుకొని కాపలాకు దిగినారు. నేడు మంచి సంవత్సరాలలో పక్షులను లక్షలలో లెక్కిస్తున్నారు. జైలుకు భయపడి మారినారని కొందరు అంటారు. నాకు అట్లా తోచలేదు. ఎవరో పట్టుకుంటారని భయపడేవాడు రాత్రిళ్ళు చలిలో తుంగలో కాపలా పడుకోడు.

పోదలచినవారు అక్టోబరు నుండి మార్చి లోపల పోవలెను. తెల్లవారకముందే రేవుకు చేరవలెను. ముదురు ఎరుపు బట్టలు వద్దు. పిల్లలకు ముందే మాట్లాడవద్దని చెప్పి ఉంచవలెను (మా చిన్నవాడికి చెప్పినా ప్రయోజనం లేకపోయినది). పడవకు మోటారు ఉండదు, గెడతో తోస్తారు.

మా పడవవాడికి ఏభై దాటి ఉంటవి. మంచులో మాకు ఏమీ కనిపించకముందే రెక్కల చప్పుడు విని ఏ పక్షో చెప్పేవాడు. తుంగలోని నీలికోళ్ళను, సూదితోక బాతుల గుంపులను చూపించినాడు. ఇంత బాగా ఎట్లా తెలుసునని అడిగితే, "గొంతు అనుకరించి పిలిచి కొట్టేవాళ్ళం బాబూ, తెలియకపోతే ఎట్లా?" అన్నాడు. బాతులు ఎక్కడెక్కడికి పోయేవో కూడా చెప్పినాడు. హోటళ్ళకు, కచేరీ బాబుల ఇళ్ళకు, రైల్వే క్వార్టర్లకు.

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒరియాలోనే, "మా ఇంటికీ వచ్చేవి. చలికాలం ఆదివారాలలో ఒకతను గోనెసంచిలో తెచ్చి ఇచ్చేవాడు" అన్నారు.

పడవవాడు నవ్వినాడు. "అయితే మనం ఇద్దరం ఒకే బేరంలో ఉన్నవాళ్ళం మౌసా" అని గెడ ఆపి, తుంగ ప్రక్కన పిల్లలతో ఈదుతున్న నీలికోడిని మా చిన్నవాడికి వ్రేలుతో చూపించినాడు.