బాక్సో బండి చప్పుడు, తీరని ఖాతా

2010 నవంబర్లో ఒబామా ప్రెసిడెంటు హోదాలో జకార్తా వెళ్ళాడు. విందులో లేచి బాక్సో, నాసి గోరెంగ్, కృపుక్ అన్నీ బావున్నాయని వాళ్ళ భాషలోనే చెప్పాడు. మర్నాడు యూనివర్సిటీ ప్రసంగంలో, చిన్నప్పుడు వీధిలో "సాతే", "బాక్సో" అని అరుచుకుంటూ పోయే బళ్ళవాళ్ళని తలుచుకుంటే హాలంతా చప్పట్లు. ఆఫీసులో ఆ వీడియో చూస్తూ నేను కళ్ళు తుడుచుకున్నాను. బిల్డ్ ఫెయిలైందా అనడిగాడు పక్క సీటువాడు.

ఒబామా అక్కడున్నది 1967 నుంచి 71 దాకా. మేమున్నది 1992 నుంచి 98 దాకా. మా నాన్నది స్పిన్నింగ్ మిల్లు ఉద్యోగం. గుంటూరు నుంచి జకార్తాకి తూర్పున ఒక చిన్న ఊరికి తీసుకెళ్ళారు (ఆ రోజుల్లో అక్కడి బట్టల మిల్లుల్లో మనదేశం వాళ్ళు బాగానే ఉండేవాళ్ళు).

నిజం చెప్పాలంటే బాక్సో నేనెప్పుడూ తినలేదు. అది గొడ్డు మాంసం ఉండలతో చేసే పులుసు. అమ్మ ససేమిరా అంది. బండివాడు గిన్నె మీద చెంచాతో కొట్టే టింగ్ టింగ్ మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. సాయంత్రమైతే వెదురు గొట్టాల్లో ఆవిరి మీద వండే పుతు వచ్చేది, ఈల వేసుకుంటూ. బియ్యప్పిండి, తాటిబెల్లం, కొబ్బరి. కేరళ పుట్టుకి చుట్టమే. రాత్రి పొద్దుపోయాక మీ తెక్ తెక్ నూడుల్స్ బండి. మూకుడు మీద గరిటెతో తెక్ తెక్ మని కొడతాడు కాబట్టి ఆ పేరు.

అమ్మ వంటింట్లోకి మొదట వచ్చింది టెంపె. సోయా గింజల్ని నానబెట్టి, పొట్టు తీసి, ఉడికించి, ఒక రకం బూజు కలిపి అరిటాకులో చుడతారు. ఒకటి రెండు రోజుల్లో తెల్లటి పలకలా గట్టిపడుతుంది. బూజు అనేసరికి అమ్మ మొహం చూడాలి! దోసెల పిండి పులియబెట్టే మనిషికి అంత అసహ్యం ఎందుకో నాకర్థం కాలేదు. పక్కింటావిడ ఉప్పూ వెల్లుల్లీ పట్టించి వేయించి పెట్టాక ఆ గొడవ తీరిపోయింది. గాడో గాడో అయితే మొదటి రోజే నచ్చేసింది. ఉడికించిన కూరలు, తాహు, పైన పల్లీల ముద్ద. "మన పల్లీ పచ్చడే, కాస్త తియ్యగా ఏడ్చింది" అనేది అమ్మ. ఆ మాటకొస్తే ఆ పల్లీలూ, మిరపకాయలూ అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినవే, మనకీ వాళ్ళకీ.

సరే, అసలు విషయానికొస్తాను. వీటిలో టెంపె జావా వాళ్ళ సొంతం. 19వ శతాబ్దం మొదట్లో రాసిన సెరాత్ చెంతినిలోనే దాని పేరుంది. మిగతావాటి పేర్లు విప్పి చూడండి. బాక్సోలో "బాక్" అంటే చైనా హొక్కియెన్ భాషలో మాంసం. బాక్మి అంటే మాంసం నూడుల్స్. తాహు అంటే మనం సూపర్ మార్కెట్లో కొనే టోఫూ. కెచాప్ అంటే అక్కడ సోయా సాసు, ఇంగ్లీషు కెచప్‌కి ఆ మాటే మూలం అంటారు. దానికి తాటిబెల్లం కలిపి నల్లటి పాకంలా చేసుకోవడం మాత్రం జావా వాళ్ళ తెలివి. పంది మాంసం తీసేసి గొడ్డు మాంసం పెట్టుకోవడం కూడా వాళ్ళదే. రెండు జాతులు కలిసి వందల ఏళ్ళు వండిన వంట ఇది.

ఆ వంట తెచ్చినవాళ్ళకి జరిగిందేమిటి? 1740 అక్టోబర్లో డచ్చివాళ్ళ బటేవియాలో (అదే ఇప్పటి జకార్తా) సుమారు పది వేలమంది చైనీయుల్ని ఊచకోత కోశారు. మిగిలినవాళ్ళకి కోటగోడ బయట గ్లోడొక్‌లో చోటిచ్చారు. స్వతంత్రం వచ్చాక కూడా ఊరట లేదు. 1966లో చైనీస్ బడులు మూయించారు, ఇండోనేషియా పేర్లు పెట్టుకోమని వెంటబడ్డారు. 1967లో సుహార్తో ఆజ్ఞతో పండగలు బయట చేసుకోవడం బంద్. చైనీస్ అక్షరాలు కూడా వీధుల్లోంచి మాయమయ్యాయి. అంటే ఒబామా బాక్సో రుచి మరిగిన ఏడే బాక్సో తెచ్చినవాళ్ళ కొత్త సంవత్సరం ఇంట్లో తలుపులేసుకుని చేసుకోవాల్సి వచ్చింది. కోడ్ మొత్తం వాడుకుంటూ రాసినవాడి పేరు మాత్రం కామెంట్లలోంచి కొట్టేసినట్టు.

మా వీధి చివర బాక్మి కొట్టాయన ఆ జాతివాడే. అందరూ "కో" అనేవాళ్ళు, అన్నయ్య అని అర్థం. అసలు పేరు జావా పేరు. అది తాతలిచ్చింది కాదనీ ప్రభుత్వం పెట్టుకోమందనీ నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. మాకోసం వేరే మూకుడులో కోడి మాంసంతో చేసేవాడు. నెలకోసారి లెక్క, నాన్న జీతం రోజున.

1997 మధ్యలో డాలరుకి 2,400 ఉన్న రుపియా 1998 జనవరికి పది వేలు దాటింది. నూనె, బియ్యం అన్నీ మండిపోయాయి. మే 12న జకార్తాలో నలుగురు విద్యార్థుల్ని కాల్చి చంపారు. మర్నాటి నుంచి మూడు రోజులు నగరం తగలబడింది. గ్లోడొక్ కాలిపోయింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, అందులో మాల్స్ లోపల మంటల్లో చిక్కుకున్న పేదవాళ్ళు చాలామంది. చైనీస్ ఆడవాళ్ళ మీద జరిగినవి రాయడానికి చెయ్యి రావట్లేదు. మే 21న సుహార్తో దిగిపోయాడు.

మేం ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే దారిపొడుగునా షట్టర్ల మీద పెయింటుతో "మిలిక్ ప్రిబుమి" అని రాసుంది. స్థానికుల ఆస్తి, మా జోలికి రావద్దని వేడుకోలు. మా కో కొట్టు మీద ఏమీ రాసి లేదు, తాళం ఉంది. నాన్న కారు ఆపించి షట్టర్ కొట్టాడు. పలకలేదు. ఫ్లైటు టైమైపోతోందని అమ్మ ఏడుపు.

2000లో అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ 1967 ఆజ్ఞ రద్దు చేశాడు. 2003 నుంచి చైనీస్ కొత్త సంవత్సరం జాతీయ సెలవు. 2016లో ప్రాజెక్టు పని మీద జకార్తా వెళ్ళినప్పుడు ఒక ఆదివారం మా ఊరు వెళ్ళొచ్చాను. కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పక్కవాళ్ళని అడిగితే ఒకాయన మేడాన్ వెళ్ళాడన్నాడు, ఇంకొకాయన ఆస్ట్రేలియా అన్నాడు.

తిరిగొచ్చి కెచాప్ సీసా అమ్మ చేతిలో పెట్టాను. నాన్న అడిగింది ఒకటే, "కో కనపడ్డాడట్రా?" లేదన్నాను. ఆ నెల ఖాతా నలభై మూడు వేల రుపియాలు. అంతకు ఏడాది ముందైతే పద్దెనిమిది డాలర్లు, మేం వచ్చేసిన రోజుకి నాలుగు. నాన్నకి ఆ అంకె ఇంకా గుర్తుంది.