గృహ హై-ఫై వ్యవస్థలో పరికరాల పొందిక

రికార్డు చేసిన సంగీతాన్ని మూలానికి వీలైనంత దగ్గరగా ఇంట్లో వినిపించే పరికరాల సముదాయాన్ని హై-ఫై వ్యవస్థ అంటారు. హై ఫిడెలిటీ అనే ఆంగ్ల పదబంధానికి ఇది కుదించిన రూపం. ఈ వ్యవస్థలో సంగీతాన్ని చదివే మూల పరికరం, సంకేతాన్ని పెంచే ఆంప్లిఫయరు, దానిని ధ్వనిగా మార్చే స్పీకర్లు ముఖ్యమైన అంగాలు. వీటిని వేర్వేరు సంస్థలు విడివిడిగా తయారుచేస్తాయి కనుక, ఒక్కొక్కటి ఎంత మేలైనదైనా ఒకదానితో ఒకటి సరిపడకపోతే మొత్తం వ్యవస్థ మంచి ఫలితాన్ని ఇవ్వదు. ఈ సరిపాటునే పొందిక అంటారు. ఖరీదు లక్షల రూపాయలకు చేరగల ఈ రంగంలో డబ్బు ఎక్కడ ఫలితమిస్తుంది, ఎక్కడ వృథా అవుతుంది అనేది చాలావరకు పొందిక మీదనే ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

స్టీరియో ధ్వని సూత్రాలకు బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ 1931లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ఎల్.పి. రికార్డును విడుదల చేసింది. 1950వ దశకం చివర స్టీరియో రికార్డులు, 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన కాంపాక్ట్ డిస్కు మార్కెట్లోకి వచ్చాయి.

పొందిక అనే సమస్య ముఖ్యంగా స్పీకర్ల పరిణామంతో ముడిపడి ఉంది. 1946లో పాల్ క్లిప్ష్ రూపొందించిన క్లిప్ష్‌హార్న్ గది మూలలో నిలబెట్టే పెద్ద బూర వంటి స్పీకరు. కొద్ది వాట్ల శక్తితోనే అది గదిని నింపగలదు. 1954లో ఎడ్గర్ విల్చర్ రూపొందించిన ఏఆర్-1 స్పీకరు మూసివేసిన చిన్న పెట్టెలోనే లోతైన మంద్ర ధ్వనిని పలికించింది, కాని దానికి అంతకన్నా ఎంతో ఎక్కువ శక్తి కావలసి వచ్చింది. ఆ తరువాత ఎక్కువ శక్తినిచ్చే ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లు రావడంతో చిన్న స్పీకర్లు ఇళ్లలో వ్యాపించాయి. ఏ స్పీకరుకు ఏ ఆంప్లిఫయరు అనే ప్రశ్న అప్పటినుండి శ్రోతలకు తప్పనిసరి అయింది.

స్పీకర్లు

వ్యవస్థలోని అంగాలలో తుది ధ్వనిని ఎక్కువగా మార్చేవి స్పీకర్లే. నేటి మంచి డిజిటల్ పరికరాల, ఆంప్లిఫయర్ల మధ్య కొలవదగిన తేడాలు తరచుగా చెవికి అందనంత చిన్నవి. రెండు స్పీకర్ల మధ్య తేడాలు మాత్రం ఎవరికైనా వినిపించేంత పెద్దవి. అందువలన ఎంపిక స్పీకర్లతో మొదలై, మిగిలిన పరికరాలు వాటికి తగినట్లు రావడం మంచి పద్ధతిగా భావించబడుతుంది.

కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ 1980వ దశకంలో జరిపిన పరిశోధనలు ఈ విషయంలో ముఖ్యమైనవి. స్పీకర్లను తెర వెనుక ఉంచి వినిపించినప్పుడు, నేరుగా ముందుకూ పక్కలకూ ఎగుడుదిగుడులు లేకుండా సమంగా పలికే స్పీకర్లనే శ్రోతలు ఎక్కువగా ఇష్టపడ్డారు. కనుక తయారీదారు ఇచ్చే పౌనఃపున్య రేఖాపటం ఎంపికలో మొదట చూడదగినది.

స్పీకరు, ఆంప్లిఫయరు జత

ఈ జతను నిర్ణయించేవి మూడు అంశాలు.

1. సున్నితత్వం: ఒక వాటు శక్తికి ఒక మీటరు దూరంలో స్పీకరు ఇచ్చే ధ్వని తీవ్రత. దీనిని డెసిబెల్‌లలో చెబుతారు. తీవ్రత 3 డెసిబెల్‌లు పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. 10 డెసిబెల్‌లు పెరగాలంటే పది రెట్లు కావాలి.

2. ఇంపీడెన్స్: ఆంప్లిఫయరు పంపే విద్యుత్తుకు స్పీకరు చూపే అడ్డు. 8 ఓములు, 4 ఓములు అని పైన రాసే సంఖ్య నామమాత్రపు విలువ మాత్రమే. అసలు విలువ పౌనఃపున్యంతో పాటు మారుతూ, కొన్నిచోట్ల బాగా దిగిపోతుంది. 1980వ దశకంలో అమెరికాలో తయారైన అపోజీ సింటిలా స్పీకరు సుమారు 1 ఓముకు దిగేది. అందుకు కావలసిన విద్యుత్ ప్రవాహాన్ని సాధారణ ఆంప్లిఫయర్లు ఇవ్వలేకపోయేవి.

3. శక్తి: పైరెండింటినీ, గది పరిమాణాన్నీ, శ్రోత దూరాన్నీ బట్టి కావలసిన వాట్లు నిర్ణయమవుతాయి.

ఉదాహరణకు బి.బి.సి. తన ప్రసార వాహనాల కొరకు 1970వ దశకంలో రూపొందించిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరు సున్నితత్వం సుమారు 83 డెసిబెల్‌లు. క్లిప్ష్‌హార్న్ సున్నితత్వం సుమారు 105 డెసిబెల్‌లు. ఈ 22 డెసిబెల్‌ల తేడా అనగా, అదే తీవ్రతకు మొదటి స్పీకరుకు సుమారు 160 రెట్లు శక్తి కావాలి. 300బి అనే వాల్వు ఒక్కదానితో చేసిన ఆంప్లిఫయరు సుమారు 8 వాట్లు మాత్రమే ఇస్తుంది. దానిని క్లిప్ష్‌హార్న్‌కు కలిపితే ఇల్లు మారుమోగుతుంది. ఎల్ఎస్3/5ఏకు కలిపితే మృదంగం తని ఆవర్తనంలోని గట్టి దెబ్బలు నలిగిపోతాయి. రెండు స్పీకర్లకూ, ఆ ఆంప్లిఫయరుకూ అభిమానులున్నారు. లోపం పరికరంలో కాదు, జతలో ఉంది.

శక్తి చాలని ఆంప్లిఫయరును గట్టిగా వాయిస్తే సంకేతపు శిఖరాలు తెగిపోతాయి. దీనిని క్లిప్పింగ్ అంటారు. ఇలా తెగిన సంకేతంలో తారస్థాయి శక్తి ఎక్కువగా ఉండటం వలన ట్వీటరు కాలిపోవచ్చు. చిన్న ఆంప్లిఫయరు స్పీకరుకు ఎప్పుడూ సురక్షితమనే నమ్మకం సరికాదు.

గది

గది కూడా వ్యవస్థలో ఒక అంగమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాల పట్టణ గృహాలలో సిమెంటు గోడలు, కాంక్రీటు పైకప్పు, గ్రానైటు లేదా టైల్స్ నేల సాధారణం. ఇవి ధ్వనిని బాగా పరావర్తనం చేస్తాయి.

అమెరికన్ శాస్త్రవేత్త వాలెస్ సబీన్ రూపొందించిన సూత్రం ప్రకారం గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగిస్తే ధ్వని 60 డెసిబెల్‌లు తగ్గడానికి పట్టే కాలం సెకన్లలో వస్తుంది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గది ఘనపరిమాణం 60 ఘనపు మీటర్లు, ఉపరితలం 94 చదరపు మీటర్లు. గోడలు, నేల, పైకప్పు సగటున నూటికి 3 వంతుల ధ్వనినే పీల్చుకుంటాయనుకుంటే, ఖాళీ గదిలో ఆ కాలం సుమారు 3.4 సెకన్లు. సంగీతం వినడానికి దానిని అర సెకను దగ్గరకు తేవలసి ఉంటుంది. మందమైన తివాచీ, తెరలు, దూది పరుపులు, పుస్తకాల బీరువా ఇందుకు తోడ్పడతాయి. ఇంత మార్పును ఏ ఆంప్లిఫయరూ తేలేదు.

మంద్ర ధ్వనుల విషయం వేరు. పైన చెప్పిన గదిలో పొడవు, వెడల్పు, ఎత్తుల వలన వరుసగా 34, 43, 57 హెర్ట్జ్‌ల వద్ద అనునాదం ఏర్పడుతుంది. గది చతురస్రంగా ఉంటే రెండు అనునాదాలు ఒకేచోట పడి, ఆ స్వరం అతిగా ఉబుకుతుంది. తెరలు, తివాచీలు వీటిపై పనిచేయవు. స్పీకర్లను, కుర్చీని జరిపి చూడటం ఖర్చులేని మార్గం. సాధారణంగా రెండు స్పీకర్లు, శ్రోత ఒక సమబాహు త్రిభుజంగా ఉండేలా అమర్చి, అక్కడినుండి కొద్దికొద్దిగా సర్దుతారు. గదిని మైకుతో కొలిచి సరిదిద్దే డిజిటల్ సదుపాయం కూడా పలు ఆంప్లిఫయర్లలో లభిస్తున్నది.

మూల పరికరాలు

కాంపాక్ట్ డిస్కు ప్లేయరు, కంప్యూటరు వంటి డిజిటల్ మూలాల నుండి వచ్చే సంకేతం సాధారణంగా 2 వోల్టుల వరకు ఉంటుంది. దానిని అందుకునే పరికరపు ఇంపీడెన్స్, పంపే పరికరపు ఇంపీడెన్స్‌కు కనీసం పది రెట్లు ఉంటే చాలు. ఈ నియమం పాటిస్తే డిజిటల్ మూలాల పొందిక సులభం.

గ్రామఫోన్ రికార్డు విషయంలో పొందిక మరింత సున్నితమైనది.

* కదిలే అయస్కాంతపు కాట్రిడ్జి సుమారు 5 మిల్లీవోల్టులు, కదిలే తీగచుట్ట కాట్రిడ్జి తరచుగా అర మిల్లీవోల్టు లేదా అంతకన్నా తక్కువ ఇస్తాయి. రెండింటికీ వేర్వేరు ఫోనో ఆంప్లిఫయర్లు లేదా వేర్వేరు అమరికలు కావాలి. మొదటిదానికి 47 కిలోఓముల భారం ప్రమాణం.
* కాట్రిడ్జి, దానిని మోసే చేయి కలిసి ఒక స్ప్రింగు, బరువు వలె ఊగుతాయి. ఈ అనునాదం 8 నుండి 12 హెర్ట్జ్‌ల మధ్య ఉండటం మంచిది. అంతకన్నా తగ్గితే వంగిన రికార్డులకు చేయి ఊగిపోతుంది. బాగా పెరిగితే సంగీతంలోని మంద్ర ధ్వనులను తాకుతుంది. బరువైన చేతికి గట్టి కాట్రిడ్జి, తేలికైన చేతికి మెత్తని కాట్రిడ్జి సరిపడతాయి.

తీగలు

స్పీకరు తీగ నిరోధం, స్పీకరు ఇంపీడెన్స్‌లో నూటికి 5 వంతులు దాటరాదన్నది వాడుకలో ఉన్న నియమం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 5 మీటర్ల దూరానికి వాడితే, రానుపోను 10 మీటర్లకు నిరోధం సుమారు 0.12 ఓములు. 8 ఓముల స్పీకరుకు 0.4 ఓముల వరకు అనుమతించవచ్చు కనుక ఇది ధారాళంగా సరిపోతుంది. ఇంటి వైరింగుకు వాడే మందం గల రాగి తీగే ఈ పనికి చాలు.

విద్యుత్ సరఫరా

భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు స్వదేశానికి తెచ్చుకునే పరికరాలకు వోల్టేజిని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు వాడతారు. కాని ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుందే గాని పౌనఃపున్యాన్ని మార్చదు. సరఫరా పౌనఃపున్యాన్ని అనుసరించి తిరిగే సింక్రొనస్ మోటారు గల టర్న్‌టేబులు ఇక్కడ 33⅓కు బదులు నిమిషానికి సుమారు 27.8 సార్లే తిరుగుతుంది. పాట నెమ్మదించడమే గాక, శ్రుతి సుమారు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. మోటారు కప్పీని మార్చడం లేదా పౌనఃపున్యాన్ని మార్చే సరఫరా వాడటం దీనికి పరిష్కారం.

పరికరాలు వేర్వేరు చోట్ల ఎర్తుకు కలిస్తే వాటి మధ్య వలయం ఏర్పడి 50 హెర్ట్జ్‌ల గుమ్మని మోత వినిపించవచ్చు. దీనికోసం ఎర్తు పిన్నును తీసివేయడం ప్రాణాపాయకరం. పరికరాలన్నిటినీ ఒకే బోర్డు నుండి కలపడం మొదట చేయదగిన పని.

వివాదాలు

ఖరీదైన తీగలు, అధిక రిజల్యూషన్ రికార్డింగుల వలన కలిగే మేలుపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ప్రచురించిన పరిశోధనలో, స్పీకర్లను చూస్తూ విన్నప్పుడు శ్రోతల తీర్పులను రూపం, ధర, పేరు ప్రభావితం చేశాయని తేలింది. 2007లో మేయర్, మొరాన్‌లు 554 సార్లు జరిపిన పరీక్షలో, అధిక రిజల్యూషన్ సంకేతాన్ని సి.డి. స్థాయికి కుదించినప్పుడు శ్రోతలు నూటికి సుమారు 50 సార్లే సరిగా గుర్తించారు. ఇది నాణెం ఎగురవేసిన దానితో సమానం. 2016లో జాషువా రైస్ 18 పరిశోధనలను కలిపి విశ్లేషించి, సరైన జవాబులు నూటికి 52.3 అని, తేడా స్వల్పమైనా ఉన్నదని పేర్కొన్నాడు.

పోల్చేటప్పుడు రెండు పరికరాల తీవ్రతను వోల్టుమీటరుతో సమానం చేయాలి. కొద్దిగా బిగ్గరగా ఉన్నదే మేలైనదిగా చెవికి తోచడం సహజం.

కొనుగోలులో గమనించవలసినవి

* మొదట గది, తరువాత స్పీకర్లు, వాటికి తగిన ఆంప్లిఫయరు, ఆపైన మూల పరికరం, చివరగా తీగలు అనే క్రమం ఉపయోగకరం.
* నాదస్వరం, వీణ, మనిషి గొంతు వంటి, ప్రత్యక్షంగా విని ఎరిగిన ధ్వనుల రికార్డింగులతో పరీక్షించడం మేలు.
* వీలైతే స్పీకర్లను సొంత గదిలోనే విని నిర్ణయించాలి. దుకాణపు గది లక్షణాలు వేరు.
* పాత స్పీకర్లలో కోను చుట్టూ ఉండే ఫోము పట్టీ తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. తీరప్రాంతాలలో రబ్బరు పట్టీ గలవి ఎక్కువకాలం మన్నుతాయి.

వినికిడి రక్షణ

శక్తిమంతమైన వ్యవస్థ చెవికి హాని చేయగలదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్‌ల ధ్వనికి రోజుకు 8 గంటలు పరిమితి. ప్రతి 3 డెసిబెల్‌లకు ఈ కాలం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్‌ల వద్ద పరిమితి 15 నిమిషాలే. పోయిన వినికిడిని ఏ పరికరమూ తిరిగి తేలేదు.

ఇవి కూడా చూడండి

* ధ్వని
* డెసిబెల్
* గ్రామఫోన్
* కాంపాక్ట్ డిస్కు