జంట బ్యాటరీ ఏర్పాటు (ఆఫ్‌రోడ్ వాహనాలు)

ఇంజన్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీకి తోడుగా ఫ్రిజ్, లైట్లు, రేడియోల కోసం వాహనంలో మరో బ్యాటరీని అమర్చడాన్ని జంట బ్యాటరీ ఏర్పాటు అంటారు. బండి నడుస్తున్నంతసేపు రెండూ ఒకే ఆల్టర్నేటర్ నుంచి చార్జ్ అవుతాయి. ఇంజన్ ఆగాక రెండోది ఎంత దిగిపోయినా మొదటిదాని జోలికి పోదు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో ఎడారి దారులు పట్టే ఫోర్‌వీల్ బళ్లలో ఇది మామూలు. విలూనా నుంచి హాల్స్ క్రీక్ దాకా సుమారు 1,850 కి.మీ. సాగే కానింగ్ స్టాక్ రూట్‌లో తెల్లారేసరికి సెల్ఫ్ అందుకోకపోతే సాయం రావడానికి రోజులు పట్టవచ్చు. ఈ వ్యాసం ఎక్కువగా ఆస్ట్రేలియా పద్ధతినే అనుసరిస్తుంది.

దీని పుట్టుకను కొందరు సైనిక వాహనాలకు ముడిపెడతారు. బ్రిటిష్ సైన్యం రేడియోలు బిగించిన ల్యాండ్ రోవర్లలో 24 వోల్టుల వ్యవస్థను వాడిన మాట నిజమే. 12 వోల్టుల ఫ్రిజ్‌ను బండి వెనక పెట్టుకుని వెళ్లే అలవాటుతోనే ఇది వ్యాపించిందనేది రెండో కథనం. విడి బ్యాటరీ, నడుమ విభజన అనే ఇప్పటి రూపానికి ఈ రెండోదే దగ్గరగా ఉంది. కొన్ని డీజిల్ ల్యాండ్ క్రూయిజర్లకు ఫ్యాక్టరీలోనే రెండు బ్యాటరీలు వచ్చేవి గానీ, అవి చలిలో ఇంజన్ తిప్పడానికి కలిసి పనిచేసే జత. వాటిని ఈ కోవలో చేర్చడం సరికాదు.

స్టార్టింగ్ బ్యాటరీ పలకలు పలచగా ఉండి క్షణాల్లో వందల ఆంపియర్లు ఇస్తాయి. డీప్ సైకిల్ బ్యాటరీ పలకలు మందం. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలా గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వడం దాని పని. 40-50 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు, ఎండను బట్టి, సుమారు 25 నుంచి 50 ఆంపియర్ అవర్లు తాగుతుంది. ఏజీఎం అనే లెడ్-యాసిడ్ రకం బ్యాటరీని సగానికి మించి దింపకూడదనే వాడుక నియమం ప్రకారం 100 ఆంపియర్ అవర్లది ఒకటి రెండు రోజులకు సరిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 80 శాతం దాకా, కొందరు తయారీదారుల లెక్కలో అంతకన్నా ఎక్కువే, వాడుకోవచ్చు. దాన్ని సున్నా డిగ్రీల లోపు చార్జ్ చేయకూడదు. ఇంజన్ పక్కన వేడిలో పెట్టవద్దనే తయారీదారులే ఎక్కువ.

విభజనకు తొలుత చేతి స్విచ్ ఉండేది. మరచిపోవడం మనిషి గుణం కనుక అది నిలవలేదు. డయోడ్ ఐసోలేటర్ మరచిపోదు, కానీ సిలికాన్ డయోడ్ దాటేసరికి సుమారు 0.7 వోల్టు పోతుంది. వోల్టేజీని గమనించే రిలే ఆ నష్టం లేకుండా, సుమారు 13.2 వోల్టుల వద్ద రెండింటినీ కలిపి, 12.7 దగ్గర విడదీస్తుంది. పాత బళ్లకు ఇప్పటికీ ఇది చాలు. కంప్యూటర్ అదుపులో నడిచే ఆల్టర్నేటర్లు వచ్చాక చిక్కు మొదలైంది. ఇంధనం ఆదా కోసం అవి వోల్టేజీని దించేస్తాయి. రిలే కలవదు, రెండో బ్యాటరీ నిండదు. అందుకే డీసీ-డీసీ చార్జర్. వచ్చే వోల్టేజీ తక్కువైనా పెంచి, బ్యాటరీ రకానికి తగ్గట్టు అందిస్తుంది. సాధారణంగా 25 లేదా 40 ఆంపియర్ల సామర్థ్యంలో దొరుకుతుంది. దీన్ని రెండో బ్యాటరీకి దగ్గరగా బిగించడం మేలు.

అమరికలో బ్యాటరీ కన్నా కేబుల్‌కే ఎక్కువ శ్రద్ధ కావాలి. ఆస్ట్రేలియా దుకాణాల్లో '6 మి.మీ. ఆటో కేబుల్' పేరుతో అమ్మేదాంట్లో రాగి అడ్డుకోత సుమారు 4.6 చదరపు మి.మీ. మాత్రమే. ఆ 6 అంకె పైతొడుగుతో కలిపిన వ్యాసం. బానెట్ నుంచి డిక్కీకి రానూపోనూ 10 మీటర్ల తీగలో 25 ఆంపియర్లు పారితే దీనిలో 0.9 వోల్టు దాకా పోతుంది. 6 బీ అండ్ ఎస్ గేజ్ కేబుల్‌లో, అంటే సుమారు 13 చదరపు మి.మీ. రాగిలో, ఆ నష్టం 0.3 వోల్టు దగ్గర ఆగుతుంది. పనిచేయడం లేదని చార్జర్‌ను తిట్టే ముందు కేబుల్ కొలత చూడటం మంచిది.

ఫ్యూజ్ ఒక్కటి చాలదు. కేబుల్‌కు రెండు చివరలా బ్యాటరీయే ఉంటుంది కాబట్టి, నడుమ ఎక్కడ ఒరిసి బాడీకి తగిలినా రెండువైపుల నుంచీ కరెంటు పారుతుంది. రెండు పాజిటివ్ టెర్మినళ్ల దగ్గరా, కేబుల్ తట్టుకునే పరిమితికి లోపల, ఫ్యూజ్ ఉండాలి. నెగటివ్ టెర్మినల్ మీద కరెంట్ సెన్సర్ ఉన్న కొత్త బళ్లలో ఎర్త్‌ను నేరుగా టెర్మినల్‌కు కాక ఛాసిస్‌కు ఇస్తారు. లేదంటే ఆ కరెంటు బండి లెక్కలోకి రాదు. కుదుపులకు ఊగకుండా బ్యాటరీ పళ్లేన్ని లోహపు భాగానికి బోల్టులతో బిగించాలి.

చిక్కుకున్న బండిని లాగే వించ్‌ను ఏ బ్యాటరీకి కలపాలన్నది తెగని వాదన. నిండు బరువు మీద అది 400 ఆంపియర్ల ప్రాంతంలో లాగుతుంది. పలచని పలకల స్టార్టింగ్ బ్యాటరీకే, ఇంజన్ నడుస్తుండగా, కలపడం ఎక్కువమంది ఆచరణ.

2022లో వచ్చిన ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 3001.2 ప్రమాణం మనుషులు ఉండే భాగంలో లిథియం బ్యాటరీల అమరికకు కట్టుబాట్లు పెట్టింది. క్యారవాన్లకు అది వర్తిస్తుందనడంలో పేచీ లేదు. బయటి విద్యుత్ కనెక్షన్ లేని, 12 వోల్టుల వైరింగ్ మాత్రమే ఉన్న మామూలు ఫోర్‌వీల్ బండికి ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై బిగించేవారిలో భిన్నాభిప్రాయాలున్నాయి.