నిజాముగారి పసుపుపచ్చ మోటారుకారు

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని రోల్సు రాయిసు కారొకటి ప్రదర్శింపబడుచున్నది. దానిని కోరి చేయించినవాడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను. 1911లో ఆయన కాలధర్మము నొందుటచే, 1912 నాటి ఆ వాహనము ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానునకు దక్కినది.

ఆ దినములలో రోల్సు రాయిసువారు యంత్రమును, చట్రమును మాత్రమే యిచ్చెడివారు. పైకట్టడము గుఱ్ఱపుబండ్లు చేసిన వంశపు కర్మశాలలది. దీనిని లండనులోని బార్కరువారు కట్టిరి. కొయ్యచట్రముపై రేకును సుత్తితో సాగగొట్టి తొడుగుట, నూనెరంగును పూతపై పూతగా పూసి, ఆరిన పిదప నున్నగా రుద్ది, తుదకు వార్నీషు వేయుట వారముల తరబడి సాగెడి పని. 1920లలో పిచికారీతో కొట్టెడి సెల్యులోజు లక్కరంగు వచ్చి ఆ ఓర్పును అనవసరము చేసినది. ఉక్కురేకులను అచ్చులలో నొత్తుట మొదలైన పిదప ఆ కర్మశాలలు నొకటొకటిగా మూతపడినవి.

కావుననే ప్రాతకారు గలవారికి నేడు ధనముకంటె పనివాడు దుర్లభుడు. రంగుడబ్బా ఏ యంగడినైనను దొరకును; తొందరపడి పాతపూతను గీకివేయువారికిని కొదువలేదు! తెలిసినవాడు మాత్రము ముందుగా తలుపు లోపలియంచున, పీఠముక్రింద వెదకును. ఎండ తగులని ఆ మూలలందే తొలినాటి వన్నె మిగిలియుండును.