శాస్త్రపట్టము, న్యాయపట్టము

శాస్త్రమునందు పట్టము పొందినవానికి మరల న్యాయశాస్త్రపట్టమెందులకని శ్రోతలలో కొందఱు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నకు ఆశుతోష్ ముఖర్జీ చరిత్రకంటె తగిన సమాధానము నాకు కనబడదు.

ఆయన కలకత్తా విశ్వవిద్యాలయమున 1885లో గణితమునందును, మఱుసటి యేడే భౌతికశాస్త్రమునందును ఎం.ఏ. పట్టములు పొందిరి. కళాశాలలో చదువుకొనుచుండగనే, యూక్లిడు సిద్ధాంతమొకదానికి ఆయన కూర్చిన క్రొత్త ఉపపత్తి ఇంగ్లండు గణితపత్రికలో అచ్చుపడినది. అట్టివానికి గణితమే జీవనము కావలసియుండెను. కాని ఆనాటి విశ్వవిద్యాలయము పరీక్షలు జరిపి పట్టములిచ్చు సంస్థ మాత్రమే. పరిశోధకుని పోషించు పీఠము అందు లేదు. 1888లో ఆయన బి.ఎల్. పట్టము పొంది హైకోర్టు చేరిరి, 1904లో న్యాయమూర్తియైరి. గణితమునకిది నష్టమేయని నా తలంపు.

ఐనను పిమ్మట జరిగినది చూడుడు. న్యాయమూర్తిగా నుండియే ఆయన 1906లో వైస్ ఛాన్సలరైరి. విజ్ఞానకళాశాల నెలకొల్పబూనగా ధనమెచ్చటనుండి వచ్చినది? ప్లీడర్ల పెట్టెలనుండి! 1912లో తారకనాథ్ పాలిత్, 1913లో రాస్‌బిహారీ ఘోష్ లక్షలు ధారవోసిరి, ఇరువురును న్యాయవాదులే. ఘోష్‌గారి విరాళము పదిలక్షలు. ముఖర్జీ యౌవనమున వృత్తి నేర్చినది ఆ ఘోష్‌గారి యొద్దనే. 1914లో కళాశాలకు శంకుస్థాపన జరిగినది.

పాలిత్ పేర వెలసిన భౌతికశాస్త్రపీఠమును 1917లో అధిష్ఠించినవారు మన విశాఖపట్టణమున బాల్యము గడపిన సి. వి. రామన్. సర్కారువారి లెక్కలశాఖలో పెద్ద యుద్యోగము విడిచి, తక్కువ జీతమునకే ఆయన వచ్చిరి. ముప్పది యేండ్లకు పూర్వము ముఖర్జీకి దొరకని పీఠమది.